మిక్కీ ప్రింట్ కింద 45/200 అని రాసుంటే దాన్ని ఎలా చదవాలి?

(తెర మీద: ప్రింట్ అంచున పెన్సిల్‌తో రాసిన 45/200, బాగా దగ్గరగా)

నమస్తే అండి. కార్టూన్ బొమ్మల పాప్ ఆర్ట్ (కార్టూన్లు, ప్రకటనల్లాంటి జనానికి తెలిసిన బొమ్మలతో చేసే కళ) ప్రింట్లు కొనేవాళ్ళం ముందు బొమ్మ చూసే మనసు పారేసుకుంటాం, అందులో తప్పేం లేదు, కానీ డబ్బు కట్టేముందు చూడాల్సింది ఈ పెన్సిల్ అంకె. 200 అంటే నంబర్లు వేసిన కాపీలు, 45 అంటే ఈ కాగితానికి వచ్చిన నంబరు. అయితే మొత్తం లెక్క 200తో అయిపోదు, చిక్కంతా అక్కడే ఉంది.

ఉదాహరణకి 1981లో అమెరికన్ పాప్ ఆర్టిస్ట్ ఆండీ వార్హోల్ చేసిన 'మిత్స్' సెట్ తీసుకుందాం. పది స్క్రీన్ ప్రింట్లు, న్యూయార్క్‌లో రొనాల్డ్ ఫెల్డ్‌మన్ గ్యాలరీ వేసింది. సూపర్‌మ్యాన్, డ్రాక్యులా, శాంటాక్లాజ్ ఉన్నారు, వాళ్ళతోపాటు మన మిక్కీ మౌస్, 38 అంగుళాల చదరంలో, డైమండ్ డస్ట్ అనే మెరుపు పొడి అద్దుకుని. నంబరు వేసినవి 200. అవి కాక ఇంకో 30 ఆర్టిస్ట్ ప్రూఫ్‌లు, అంటే ఆర్టిస్ట్ కోసం విడిగా ఉంచే కాపీలు, అంకె ముందు 'ఏపీ' అని ఉండేవి. ప్రింటర్‌కి ఇచ్చే కాపీలు, రంగులు మార్చి చూసుకున్న ట్రయల్ ప్రూఫ్‌లు కూడా ఇలాంటి ఎడిషన్లలో, అంటే ఒకే బొమ్మని ఇన్ని కాపీలని వేసిన సెట్లలో, ఉంటాయి. అందుకే ఎవరైనా "లిమిటెడ్ ఎడిషన్ అండీ" అంటే, ప్రూఫ్‌లతో కలిపి మొత్తం ఎన్ని అని అడగండి.

(తెర మీద: స్క్రీన్ మీద రంగు లాగుతున్న చేతులు)

ఇది మన ఊళ్ళలో శుభలేఖలు వేసే స్క్రీన్ ప్రింటింగ్ పద్ధతే. ఫ్రేముకి బిగించిన సన్నని గుడ్డ, దాని మీద రబ్బరు పట్టీతో రంగు లాగడం, ఒక్కో రంగుకి ఒక్కో స్క్రీన్. అందుకే భూతద్దం పెట్టి చూస్తే ఒకే రంగు నిండుగా ఉన్నచోట సిరా ఒకే నిండు పొరలా కనిపిస్తుంది. అక్కడ కూడా నాలుగు రంగుల చుక్కలు కనిపిస్తే అది మామూలు అచ్చు పోస్టరే అనుకోవచ్చు.

చాలామంది 1/200కి ఎక్కువ ఇస్తామంటారు. నా మాట వినండి, స్క్రీన్ ప్రింట్‌లో దానికి అర్థం లేదు, ఎందుకంటే కాగితాలు అచ్చయిన వరుసలోనే నంబర్లు పడాలని లేదు. ఆ ఎక్కువ డబ్బు మంచి కండిషన్‌లో ఉన్న కాపీకి పెట్టండి.

ఇంకో పొరపాటు, పెయింటింగ్ ఫోటోతో వేసిన పోస్టర్‌ని ప్రింట్ అనుకోవడం. ఇంకో అమెరికన్ పాప్ ఆర్టిస్ట్ రాయ్ లిక్టెన్‌స్టైన్ 1961లో గీసిన 'లుక్ మిక్కీ' పెయింటింగ్ ఒక్కటే ఉంది, వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీలో. బయట ఆ బొమ్మతో దొరికేవి దాని ఫోటోతో వేసిన పోస్టర్లు, గోడకి పెట్టుకుంటే అందంగానే ఉంటాయి, కానీ వాటికి ప్రింట్ ధర ఇవ్వొద్దు. పైగా 1928 నాటి 'స్టీమ్‌బోట్ విల్లీ' మిక్కీకి అమెరికాలో కాపీరైట్ 2024 జనవరి 1తో తీరిపోయింది కాబట్టి అక్కడ ఆ పాత మిక్కీతో ఎవరైనా ప్రింట్లు వేసుకోవచ్చు. మిక్కీ బొమ్మ ఉన్నంత మాత్రాన అరుదైనది అయిపోదు, ఎవరు చేశారు, ఎన్ని వేశారు అన్నదే చూడాలి.

ఫ్రేమ్ గురించి కాస్త బాధగానే చెబుతున్నా. నేను మొదట కొన్న ప్రింట్‌ని ఫ్రేమ్ షాపులో ప్లైవుడ్‌కి జిగురుతో అంటించేశారు, పైగా సరిపోవట్లేదని మార్జిన్, అంటే బొమ్మ చుట్టూ ఉండే ఖాళీ అంచు, కోశారు. బొమ్మ బాగానే ఉంది, కానీ ప్రింట్‌గా దాని విలువ చాలావరకు అక్కడే పోయింది, ఇప్పటికీ దాన్ని చూస్తే మనసు చివుక్కుమంటుంది. అందుకని యాసిడ్ లేని మౌంట్ బోర్డు, కాగితం పైఅంచున చిన్న హింజ్‌లు (ప్రింట్‌ని బోర్డుకి వేలాడదీసే చిన్న కాగితపు పట్టీలు), యూవీని ఆపే గాజు, ఈ మూడూ ముందే అడగండి. ఎండ పడే గోడకి, వానాకాలం చెమ్మెక్కే గోడకి మాత్రం పెట్టొద్దు.

(తెర మీద: ప్రింట్ వెనక వైపు)

చివరిగా, అమ్మే మనిషిని ఫ్రేమ్‌లోంచి తీసిన ఫోటోలు పంపమనండి. నాలుగు మార్జిన్లూ కనిపించాలి, వెనక వైపు కూడా, సంతకం, ముద్రలు ఉంటే దగ్గరగా. వార్హోల్ ప్రింట్ అయితే ఫెల్డ్‌మన్, షెల్‌మన్‌లు ఆయన ప్రింట్లకి నంబర్లిచ్చి వేసిన కేటలాగ్‌తో సరిపోల్చండి, అందులో 'మిక్కీ మౌస్' నంబరు 265. సైజు, కాగితం, ఎడిషన్ అంకె మూడూ కలవాలి. వెనక వైపు ఫోటో పంపడానికి ఒప్పుకోకపోతే నేనైతే అక్కడితో ఆ బేరం వదిలేస్తాను.