‘మాడ్లిన్’: ఒక్క పేజీ దగ్గరే ఆగిపోయిన నిఘంటువు రివ్యూ

నమస్కారం. ముందే చెప్పేస్తాను: పదాల పుట్టుక చెప్పే ఈ ఇంగ్లీషు నిఘంటువు యాప్‌కు ఏడాది చందా నాకు ఉచితంగా ఇచ్చారు. డబ్బు ఇవ్వలేదు, ఏం మాట్లాడాలో చెప్పలేదు. ఎన్ని పదాలున్నాయి, ఫోనులో ఎంత చోటు తింటుంది అన్నవి ఈపాటికి వేరే వీడియోల్లో చూసే ఉంటారు. నేను మాత్రం ‘మాడ్లిన్’ (maudlin) అనే మాట పేజీ దగ్గరే కూర్చుండిపోయాను.

అర్థం తెలిసిందే: అయినదానికీ కానిదానికీ కరిగిపోయి కన్నీళ్లు పెట్టుకోవడం, ముఖ్యంగా తాగిన మత్తులో. మా ఇంట్లోని శంకరనారాయణ నిఘంటువు అర్థం చెప్పి ఊరుకుంటుంది. ఇదేమో ‘పుట్టుక’ నొక్కగానే తిన్నగా మగ్దలేనే మరియ దగ్గరికి తీసుకెళ్లింది. అవును, బైబిల్లోని ఆవిడే! ఊరు గలిలయ సముద్రం ఒడ్డున మగ్దల. ఆ ఊరిపేరే ఫ్రెంచి మీదుగా ఇంగ్లండు చేరి, జనం నోళ్లలో నలిగి ‘మాడ్లిన్’ అయింది.

ఇక్కడే నాకు ఒళ్లు మండింది. యోహాను సువార్తలో ఆవిడ ఏడ్చింది ఖాళీ సమాధి ముందు. అందులో అతి ఏముంది? లూకా సువార్తలో కన్నీళ్లతో యేసు పాదాలు తడిపిన స్త్రీకి అసలు పేరే లేదు. 591లో పోప్ మొదటి గ్రెగరీ ఒక ప్రసంగంలో ఆ ఇద్దరినీ ఒకరిని చేసేశాడు. ఇంకేముంది, చిత్రకారులకు చేతినిండా పని: జుట్టు విరబోసుకుని, ఏడ్చి ఎర్రబడ్డ కళ్లు పైకెత్తిన మరియలే మరియలు. 1592లో థామస్ నాష్ అనే ఇంగ్లీషు రచయిత తాగుబోతులను ఎనిమిది రకాలుగా విడదీసి, ఐదో రకానికి ఈ పేరు తగిలించాడు. బీరు తాగుతూ తాగుతూ ప్రేమ పొంగుకొచ్చి, ఏడ్చి, పక్కవాడికి ముద్దులు పెట్టే రకం అది! ఆ ఇద్దరు స్త్రీలనూ కలిపిన ముడిని కాథలిక్ చర్చి 1969లో విప్పింది. మాట మీది మరక మాత్రం పోలేదు. ఇంత కథా ఒక్క తెరలో ఇమిడ్చారు, మెచ్చుకోవాల్సిందే.

ఇక చిరాకు. ఆక్స్‌ఫర్డ్‌లో మాగ్డలెన్ కాలేజీ ఉంది. రాయడం అలా, పిలవడం ‘మాడ్లిన్’ అని. ఈ సంగతి ఆ పేజీలోనే ఉంది. పక్కనే ఉన్న స్పీకర్ బొమ్మ నొక్కితే నిక్షేపంగా ‘మాగ్డలెన్’ అంటుంది! తాము రాసింది తామే వినరా?

ఉచ్చారణ కోసమైతే కొనకండి. పుట్టుక పేజీల కోసం, చందా తీరాక నేనే సొంత డబ్బు కడతాను. ఇదే కోవకు చెందిన ‘మాకిష్’ (mawkish: వెగటు పుట్టేంత కరిగిపోవడం) పేజీ మాత్రం భోజనం చేస్తూ తెరవకండి. దాని పుట్టుక పురుగుతో మొదలవుతుంది.