మా నీళ్లలో ఏం తేలింది పాపా?

(చిత్తడి నేలల దినోత్సవం సందర్భంగా విజయవాడలోని ఒక కాలేజీలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వేదిక మీదున్న పెద్దల పేర్లు ఇందాకే రెండుసార్లు చదివారు, నేను మూడోసారి చదవను, వాళ్లేమీ అనుకోరు. రిటైరై అయిదేళ్లయిన జువాలజీ లెక్చరర్ని గుర్తుపెట్టుకుని పిలిచినందుకు ప్రిన్సిపాల్ గారికి మాత్రం థాంక్స్. వెనక వరసలో నా దగ్గర చదువుకున్నవాళ్లు నలుగురైదుగురు కనిపిస్తున్నారు. బాగున్నారా అమ్మా? అయిపోయాక మాట్లాడుకుందాం, వెళ్లిపోకండి.

నాకిచ్చిన అంశం 'పర్యావరణ పునరుద్ధరణలో విశ్వవిద్యాలయ పరిశోధనల పాత్ర'. టైము ఇరవై నిమిషాలు. 1971 ఫిబ్రవరి 2న ఇరాన్‌లోని రామ్‌సర్‌లో చిత్తడి నేలల ఒప్పందం కుదిరింది, అందుకే ఈ రోజు. మన కొల్లేరు 2002లో ఆ ఒప్పందం కింద గుర్తించిన చిత్తడి నేలల జాబితాలోకి వెళ్లింది, 90,100 హెక్టార్లు. అంతకు మూడేళ్ల ముందు, 1999లో, అయిదో కాంటూరు లోపల, అంటే సముద్ర మట్టానికి అయిదడుగుల ఎత్తు గీత లోపలున్న 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. ఇవన్నీ స్లైడ్లలో ఉన్నాయి, నలభై స్లైడ్లు చేసుకొచ్చాను.

ఒక్క మాట. సింగ్‌నగర్ వాళ్లెంతమంది ఉన్నారు ఇక్కడ? చేతులెత్తండి. చాలామందే ఉన్నారు. నాదీ అక్కడే. వరదొచ్చిన 2024 సెప్టెంబర్ 1 ఎలా గడిచిందో మీకు నేను చెప్పేదేముంది. మాది గ్రౌండ్ ఫ్లోర్, మేడ మీద వాళ్లింట్లో నాలుగు రోజులున్నాం. నీళ్లు తీశాక మంచాలు, ఫ్రిజ్, మిషను అన్నీ బయట పడేశాం, వాటికి నాకు ఏడుపు రాలేదు. బీరువా కింది అరలో అట్టపెట్టెలో పదకొండు నోటుబుక్కులుండేవి, నా ఫీల్డు నోటుబుక్కులు, ఇంకు పెన్నుతో రాసినవి. తెరిస్తే నీలం నీళ్లు కారాయి. అక్కడ కూలబడిపోయాను. "థీసిస్ లైబ్రరీలో ఉంటుంది కదమ్మా" అన్నాడు మా అబ్బాయి. ఉంది. కానీ ఆ నోటుబుక్కుల్లో రాసుకున్నది థీసిస్‌లో లేదు. ఎందుకు లేదో ఇంతవరకూ ఎక్కడా చెప్పలేదు, ఇవాళ చెప్తాను. స్లైడ్లు ఆపేయండి బాబూ, టైముంటే తర్వాత చూద్దాం.

1989లో నేను రీసెర్చ్ స్కాలర్ని. కొల్లేటి నీటి నాణ్యత మీద పని. నెలకోసారి కైకలూరు దాకా బస్సు, అక్కణ్ణుంచి రిక్షా, ఆ తర్వాత దోనె. గాజుమూతల సీసాలు రెండు డజన్లు చెక్కపెట్టెలో సర్దుకుని, పగలకుండా ఒళ్లో పెట్టుకుని వెళ్లేదాన్ని. బుడమేరు వచ్చి కలిసే వైపు ఒక లంక ఊరు. నేను చేరేసరికి పొద్దున పదయ్యేది. నీళ్లు పట్టి అక్కడికక్కడే రెండు మందులు వేయాలి, ఒకటి మాంగనస్ సల్ఫేటు, ఇంకోటి ఆల్కలీ అయొడైడు. నీటిలో ఆక్సిజన్ ఉంటే సీసాలో పాలు విరిగినట్టు గోధుమరంగు ముక్కలు కడతాయి, ఎంత ఎక్కువుంటే అంత ముదురు రంగు. లేకపోతే తెల్లగానే ఉండిపోతాయి. ల్యాబ్‌కి తెచ్చి టైట్రేషన్ చేసి లెక్క కడతాం, అది వేరే సంగతి, ఉందా లేదా అన్నది మాత్రం చదువురానివాళ్లకు కూడా కంటికి కనిపిస్తుంది.

అదే జరిగింది. ఒడ్డున వల బాగుచేసుకుంటూ ఒక మామ్మ నన్ను మూడు నెలలు గమనించింది. నాలుగో నెల అడిగింది, ఆ రంగేంటని. నీళ్లలో చేపలు పీల్చుకునే గాలి ఉంటే ఈ రంగొస్తుంది మామ్మా అన్నాను. "అయితే బోలెడుందిగా" అంది. ఉందన్నాను. మామ్మ నవ్వింది. "పదింటికొస్తే ఉండక ఏం చేస్తది పాపా? తెల్లారగట్ల రా. మబ్బు పట్టి గాలాడని రోజు రా. అప్పుడు చూడు నీ సీసా."

వెళ్లాను. మామ్మ ఇంట్లోనే పడుకున్నాను. మూడింటికి లేపింది, లాంతరు పట్టుకుని దోనె ఎక్కాం. గుర్రపుడెక్క కప్పేసినచోట కాస్త పక్కకు నెట్టి చూపించింది. చేపలు తలలు పైకెత్తి నోళ్లు తెరిచి ఉన్నాయి. కొర్రమీనూ మార్పు చేపా అయితే పైనున్న గాలి మింగి బతుకుతాయి, మరి బొచ్చె, శీలావతి? సీసాలో మందులు వేసి మూత బిగించి లాంతరు దగ్గర పెట్టాను. తెల్లగా ఉంది. కలిపాను, మళ్లీ కలిపాను, తెల్లగానే ఉంది. మామ్మ ఏమీ అనలేదు, తెడ్డు పట్టుకుని కూర్చుంది.

ఇందులో వింతేమీ లేదు. పగలు ఎండకి నాచూ మొక్కలూ ఆక్సిజన్ తయారుచేస్తాయి, రాత్రి అవి కూడా పీల్చుకునేవే. కింద కుళ్లేది పేరుకుంటే, పైన డెక్క కప్పేస్తే, తెల్లవారే వేళకు ఆక్సిజన్ అడుగంటుతుంది. డీవో, అంటే నీటిలో కరిగిన ఆక్సిజన్, పడిపోయిందని ఆక్వా రైతులు తెల్లారగట్ల నీటికి గాలి పట్టించే ఏరియేటర్లు తిప్పేది అందుకే. ఈ ముక్క నేను ఎమ్మెస్సీలోనే చదివాను. చదివి కూడా పదింటికే నీళ్లు పట్టాను, ఎందుకంటే బస్సు నన్ను ఆ టైముకే చేర్చేది.

ఆ తర్వాత మామ్మతో ఇంకో అయిదు తెల్లవారుజాములు తీశాను. ఏ నెలలో ఏ గాలికి చేప పైకొస్తుందో, కిక్కిస గడ్డి ఎక్కడ పెరిగితే నీళ్లు ఎటు కదలవో ఆవిడ చెప్పినవన్నీ నోటుబుక్కుల్లో తెలుగులో రాసుకున్నాను. చాప్టరు రాసి పట్టుకెళ్తే గైడుగారు చూసి, శాంపిళ్లన్నీ ఒకే వేళ తీయాలి, ఇది పెడితే మెథడాలజీ దెబ్బతింటుంది, పైగా ఎవరో ముసలావిడ చెప్పిందని రాస్తే ఎగ్జామినర్ ఏమనుకుంటాడు, తీసేయ్ అన్నారు. తీసేశాను. డిగ్రీ వచ్చింది. నా థీసిస్‌లో 'చేపల మనుగడకు చాలినంత ఆక్సిజన్ ఉంది' అని ఒక వాక్యం ఉంటుంది. దాని కింద నా పేరుంది. ఆ వాక్యం పగలు పదింటికి నిజం, మూడింటికి అబద్ధం, నాకది తెలుసు, తెలిసే రాశాను.

చివరిసారి వెళ్లినప్పుడు మామ్మ అడిగింది. "ఇన్ని సీసాలు పట్టుకెళ్లావు, మా నీళ్లలో ఏం తేలింది పాపా?" మళ్లీ వచ్చి చెప్తానన్నాను. వెళ్లలేదు. ఉద్యోగం, పెళ్లి, పిల్లలు. వెళ్లలేదు.

ముందు వరసలో ప్రొఫెసర్లున్నారు. మీ మీద కోపం లేదని చెప్పను. పరిశోధన జరగడం లేదని కాదు, జరుగుతోంది. 2004లో ఆంధ్రా యూనివర్సిటీ పరిశోధకులు ఉపగ్రహ చిత్రాలు పెట్టి కొల్లేరు కనుమరుగవుతోందని చూపించారు. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో పొక్లెయిన్లతో చేపల చెరువుల గట్లు కొట్టేశారు, మీలో పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. తర్వాత మళ్లీ గట్లు లేచాయి. ఎందుకు లేచాయి? డబ్బు, రాజకీయం, సరే, అవన్నీ ఉన్నాయి. కానీ గట్టు తీస్తే వాళ్ల నీటికి ఏం మేలు జరుగుతుందో ఆ లంకల్లో కూర్చుని తెలుగులో చెప్పినవాళ్లెందరు? మనం సీసాలు పట్టుకుని వెళ్లాం, వచ్చేశాం. నేనూ అంతే.

ఇంకోలా జరిగిన చోటు కూడా ఉంది, అదీ దూరం కాదు, మన కృష్ణ సముద్రంలో కలిసే చోటే. మడ అడవి నరికేస్తే ఆ నేల పళ్లెంలా కుంగిపోయి, పోటుకి వచ్చిన ఉప్పునీళ్లు వెనక్కి పోక ఎండిపోతాయి, ఉప్పు పేరుకుంటుంది, మొక్క నాటినా బతకదు. ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ వాళ్లు అటవీ శాఖతో కలిసి గోదావరి, కృష్ణా ముఖద్వారాల్లో చేప ముల్లు ఆకారంలో కాలవలు తవ్వించారు, మధ్యలో పెద్ద కాలవ, దానికి రెండు వైపులా ఏటవాలుగా పిల్ల కాలవలు, పోటుకి నీళ్లు వచ్చి పాటుకి వెళ్లిపోయేలా. ఉప్పు తగ్గింది, మడ మళ్లీ లేచింది. ఆ పనిలో ఊళ్లవాళ్లను కమిటీలుగా చేసి కూర్చోబెట్టారు. పోటు ఎటు నుంచి వస్తుందో, ఎంతదూరం వస్తుందో తెలిసినవాళ్లు వాళ్లే కదా. 1977 నవంబర్ 19 రాత్రి దివిసీమ ఉప్పెనలో ఏం జరిగిందో చూసినవాళ్లకు మడ చెట్టు ఎందుకని ఏ శాస్త్రవేత్తా పాఠం చెప్పక్కర్లేదు.

టైమైపోయిందని చీటీ వచ్చింది. రెండు నిమిషాలు, దయచేసి.

సింగ్‌నగర్ మునగడానికి బుడమేరుకి పడిన గండ్లు కారణం, కొల్లేరు కాదు, అది నాకూ తెలుసు. కానీ మన ఇళ్లల్లోంచి వెళ్లిన ఆ నీళ్లు ఎక్కడికి పోయాయి? బుడమేరు కొల్లేట్లోకే పోతుంది, కొల్లేరు ఉప్పుటేరు గుండా సముద్రంలోకి. మన డ్రైనేజీ కూడా ఆ దారినే పోతుంది. అందుకని నీళ్లు తీశాక, కిందటి సంక్రాంతి వెళ్లాక, ముప్ఫై ఏళ్లు దాటాక, ఆ ఊరు వెళ్లాను. మామ్మ లేదు. మనవడున్నాడు, చేపల చెరువు చేస్తున్నాడు. నేనెవరో చెప్పాను, మామ్మ సంగతి చెప్పాను, తెల్లసీసా సంగతి చెప్పాను. అతను గట్టు మీది షెడ్డులోంచి డీవో మీటరు తెచ్చి చూపించాడు. "ఇప్పుడు సీసాలెందుకు మేడమ్, ఇది నీళ్లలో ముంచితే నంబరొస్తుంది. కాకపోతే ఇది మా చెరువు వరకే. కొల్లేట్లో ముంచి చూసేవాళ్లెవరూ లేరు" అన్నాడు.

పిల్లలూ, ఎమ్మెస్సీ వాళ్లు, వినండి. అతను మీటరు ఇస్తానన్నాడు, దోనె కూడా తనదే ఇస్తానన్నాడు. అలాంటి మీటర్లు ఆ ఊళ్లో ఇంకా ఉన్నాయట. నాకు కావలసింది మనుషులు. శనివారం సాయంత్రం అయిదింటికి నెహ్రూ బస్టాండులో కైకలూరు బస్సులు ఆగే చోట ఉంటాను. రాత్రికి ఊళ్లో స్కూలు వరండాలో పడుకోవడం, మూడింటికి దోనె ఎక్కడం. నెలకోసారి, ఏడాదిపాటు. నంబర్లన్నీ అదే రోజు పొద్దున రామాలయం దగ్గర బోర్డు మీద తెలుగులో రాస్తాం, వాళ్లు చెప్పేది పక్కనే రాసుకుంటాం. మీ గైడ్లు ఒప్పుకోకపోతే నా దగ్గరికి తీసుకురండి, నేను మాట్లాడతాను. మీటరుతో పాటు సీసాల్లోనూ చేద్దాం, ఊళ్లో చిన్నపిల్లలకి రంగు కనపడాలి. మాంగనస్ సల్ఫేటు నేను తెస్తాను. టార్చిలైట్లు, దుప్పట్లు మీరు తెచ్చుకోండి, దోమలెక్కువ.