బొగ్గు పూస్తే పిండి పూసినట్టు వచ్చిందే!

అందరికీ నమస్కారం. వేదిక మీద పెద్దలున్నారు. ఒక్కొక్కరి పేరూ, బిరుదులూ చెప్పి మొదలుపెట్టడం మన ఆనవాయితీ. కానీ నాకిచ్చింది పావుగంట, అందులో మూడు నిమిషాలు మైకు కుయ్‌కుయ్‌మనడానికే పోయింది. కాబట్టి పెద్దలంతా తమ పేర్లు నేను చెప్పేసినట్టే అనుకోవాలి. భోజనాలు పన్నెండున్నరకన్నారు, సాంబారు వాసన ఇక్కడిదాకా వస్తోంది.

ఈ రోజు ఆగస్టు 19. 1839లో ఇదే రోజున ఫ్రెంచి ప్రభుత్వం ఫోటో తీసే డగేర్ పద్ధతిని లోకానికి వెల్లడించింది, అందుకే ఇది ప్రపంచ ఫోటోగ్రఫీ దినోత్సవం, ఫోటోగ్రాఫర్లం మనకీ పండగ. ఆ చరిత్ర నాకంటే ముందు మాట్లాడిన అన్న బాగా చెప్పాడు, నేను మళ్లీ ఎత్తుకోను. నాకిచ్చిన విషయం "స్మార్ట్‌ఫోన్ ఫోటోలో సాఫ్ట్‌వేర్ గొప్పదా, లెన్స్ గొప్పదా" అని. కుర్రాళ్లు పెట్టిన విషయం. ముసలాయనతో నాలుగు తిట్లు తిట్టించి నవ్వుకుందామని పిలిచారేమో తెలీదు. తిడతాను, అయితే ముందు పొగడాల్సింది ఒకటుంది, అది పొగిడేసి తిడతాను.

పోయిన కార్తీక మాసంలో మా కోడలు గుమ్మంలో దీపాలు పెట్టి, వాటి వెనకాల మా మనవరాలిని కూర్చోబెట్టింది. నేను కెమెరా తెచ్చి, స్టాండు కోసం వెతికి, వెలుతురు తక్కువైతే పెంచుకునే ఐ.ఎస్.ఓ. ఎంత పెట్టాలా అని ఆలోచించేలోపు మా కోడలు ఫోన్ చేత్తోనే పట్టుకుని తీసేసింది. దీపం మంట మంటలా ఉంది, పిల్ల మొహమూ కనబడుతోంది, వెనక చీకట్లో తులసికోట కూడా ఉంది. నాది చూస్తే ఇసక చల్లినట్టు గింజలు గింజలుగా వచ్చింది. ఓడిపోయాను, ఒప్పుకుంటున్నా.

అదెలా చేస్తుందో తెలుసుకున్నాక నాకు ఇంకా గౌరవం పెరిగింది. ఫోన్ ఒక్క ఫోటో తీయదు. గబగబా తొమ్మిదో పదిహేనో తీస్తుంది. చెయ్యి వణికినందుకు వాటిని ఒకదాని మీద ఒకటి సర్ది కలుపుతుంది. మన ఊళ్లో గొడవ జరిగితే తొమ్మిది మంది సాక్షుల్ని పిలుస్తాం కదా, తొమ్మిది మందీ చెప్పేదాంట్లో నిజం ఒకటే ఉంటుంది, అబద్ధాలు మాత్రం తలా ఒకటి ఉంటాయి. అందరి మాటా కలిపి చూస్తే నిజం నిలుస్తుంది, అబద్ధాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. గింజలు కూడా అంతే. తొమ్మిది ఫోటోలు కలిపితే గింజ మూడో వంతుకు, పదహారు కలిపితే నాలుగో వంతుకు తగ్గుతుంది. గూగుల్ వాళ్లు 2018లో చీకట్లో ఫోటోలకి నైట్ సైట్ అని తెచ్చింది ఇదే. 2018 నుంచి 2020 దాకా వాళ్ల పిక్సెల్ ఫోన్లలో ప్రధాన కెమెరాకు దాదాపు అదే సెన్సర్, అంటే వెలుతురు పట్టే చిప్పు, వాడారు, ఫోటోలు మాత్రం ఏటేటా బాగుపడ్డాయి. ఇది మోసం కాదు. సాక్షులు నిజంగా అక్కడున్నవాళ్లే.

ఇక లెన్స్ సంగతి. జేబులో పది రూపాయల బిళ్ల ఉన్నవాళ్లు ఒకసారి తీయండి. తీయండి సార్, మళ్లీ మీ జేబులోకే పోతుంది. దాని అడ్డకొలత 27 మిల్లీమీటర్లు. మన అందరి దగ్గరా ఉండే 50 ఎం.ఎం. 1.8 లెన్స్ పూర్తిగా తెరిస్తే వెలుతురు లోపలికి పోయే కన్నం దాదాపు అంత, యాభైని 1.8తో భాగిస్తే వచ్చేదే ఆ కొలత. మంచి ఫోన్‌లో ఆ కన్నం నాలుగు మిల్లీమీటర్లు, అంటే కందిపప్పు బద్దంత. వైశాల్యం లెక్కేస్తే నలభై రెట్లకు పైనే తేడా. ఫోన్ జేబులో పట్టాలి, లెన్స్‌కీ సెన్సర్‌కీ మధ్య దూరం కొద్ది మిల్లీమీటర్లు దాటకూడదు, కాబట్టి కన్నం పెంచడానికి చోటు లేదు. ఇది ఎవరి తప్పూ కాదు. కానీ అమ్మేవాడు ఈ మాట చెప్పడు, "200 మెగాపిక్సెల్" అంటాడు. ఆ 200లో ఒక్కో పిక్సెల్, అంటే సెన్సర్ మీద వెలుతురు పట్టే గడి, 0.6 మైక్రాన్లు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. ఎఫ్ 1.8 లెన్స్ ఎంత బాగా చేసినా వెలుతురు చుక్క రెండున్నర మైక్రాన్ల దాకా పరుచుకుంటుంది, అది వెలుతురు స్వభావం. చుక్కే అంత పెద్దదైతే నువ్వు కింద ఎన్ని చిన్న గళ్లు గీసి ఏం లాభం? అందుకే ఫోన్ పదహారు గళ్లు కలిపి ఒకటి చేసి, పన్నెండున్నర మెగాపిక్సెల్ ఫోటో చేతిలో పెడుతుంది.

"ఒక ఇంచి సెన్సర్" అని ఇంకోటి. స్కేలు పెట్టి కొలిస్తే 13.2 బై 8.8 మిల్లీమీటర్లు. ఏ మూల నుంచి ఏ మూలకు కొలిచినా ఇంచి రాదు. పాతకాలం టీవీ కెమెరా ట్యూబుల కొలత పేరు అది, ట్యూబు పోయింది, పేరు మిగిలింది. మా నాయన గుడ్డ కొట్లో ఇట్టాంటి ఇంచి కొలత కొలిచి ఉంటే గాంధీ రోడ్డు మీద కొట్టేవాళ్లు.

ఎక్కడున్నాం? సరే, మన తిరుపతి గంగమ్మ జాతరకి వస్తాను. ఇది చెప్పడానికే నేను వచ్చింది, మిగతాదంతా మర్యాదకి చెప్పా.

మూడేళ్ల కింద మా అన్న కొడుకు మొక్కుకుని వేషాలు కట్టాడు. బైరాగి వేషం అయింది, బండ వేషం అయింది, తర్వాత తోటి వేషం. తెలియనివాళ్లకు చెప్తున్నా, తోటి వేషమంటే ఒళ్లంతా బొగ్గు పూసుకుంటారు, మెళ్లో వేపాకు. మే నెల తిరుపతి ఎండ సంగతి మీకు చెప్పాల్నా! వాడు తాతయ్యగుంట గంగమ్మ గుడి వైపు నడిచేసరికి చెమట బొగ్గుని కోసుకుంటూ నుదుటి నుంచి గడ్డం దాకా గీతలు గీతలుగా దిగింది. చెంప మీద వాళ్లమ్మ బొగ్గు రుద్దిన నాలుగు వేళ్ల గుర్తులూ అట్లాగే ఉన్నాయి. కళ్లు రెండూ తెల్లగా. ముప్పై ఏళ్లుగా జాతర తీస్తున్నా, అట్లాంటి మొహం నాకు రెండు మూడు సార్లే దొరికింది.

ఆ రోజే నా కెమెరా షట్టర్ పట్టేసింది. మా కోడలికి కొత్తగా కొన్న ఫోన్ తీసుకుని నొక్కాను. తెర మీద ఒక్క క్షణం వాడి అసలు మొహం కనబడింది, నేను చూశాను. తర్వాత చిన్న చక్రం తిరిగింది. తిరిగాక చూస్తే బొగ్గు లేదు! మొహం సిమెంటు రంగుకొచ్చింది. చెమట గీతలు కలిసిపోయాయి, వేళ్ల గుర్తులు పోయాయి, నున్నగా, కుండకి రంగేసినట్టు. మా వదిన తొంగిచూసి, "ఏమబ్బా, బొగ్గు పూస్తే పిండి పూసినట్టు వచ్చిందే!" అనింది.

బ్యూటీ మోడ్ ఉందేమో అని సున్నాకి తెచ్చా. మళ్లీ అంతే. ఎండలో నిలబెట్టా, నీడలో నిలబెట్టా. వాడు వేషంలో ఉన్నాడు, వేషంలో ఉన్నవాళ్లకు బూతులు తిట్టే హక్కుంటుంది, మీకు తెలుసు. ఐదో ఫోటోకి వాడు ఆ హక్కు నా మీద వాడుకున్నాడు. పక్కన నిలబడినోళ్లు దండం పెట్టుకున్నారు, నేనూ పెట్టుకున్నా.

ఇది ఎందుకు జరిగిందో ఆలోచించండి. ఫోన్ అక్కడ మొహం ఉందని కనిపెట్టింది, మొహమంటే ఇంత వెలుతురు ఉండాలని దానికి నేర్పారు, లేదు కాబట్టి పెంచింది. వెలుతురు కొలిచే మన పాత మీటరూ ఇదే తప్పు చేసేది. నల్లటిదాన్ని చూపిస్తే బూడిద రంగు చేసేది, అందుకే నల్లటిది తీసేటప్పుడు ఒక స్టాప్, అంటే వెలుతురు సగానికి, తగ్గించమని మాకు గురువుగారు మొట్టికాయలేసి నేర్పారు. మీటర్‌కి తెలీకపోయినా చేతికి తెలుసు. రెండోది, బొగ్గు పొడి గింజ గింజగా ఉంటుంది కదా, ఫోన్ అది సెన్సర్ గింజ అనుకుని తుడిచేసింది. కన్నం పెద్దదై వెలుతురు సరిపడా వచ్చి ఉంటే తుడవాల్సిన పనే తక్కువ. వెలుతురు చాలనప్పుడు ఏది బొగ్గో ఏది గింజో సాఫ్ట్‌వేర్ ఊహిస్తుంది. నా అన్న కొడుకు మొహం మీద అది ఊహించింది.

చివరికి అన్నీ మనమే సర్దుకునే ప్రో మోడ్‌లో, సాఫ్ట్‌వేర్ పెద్దగా చెయ్యి వేయని రా ఫైల్ పెట్టి, ఒక స్టాప్ తగ్గించి తీశా. గింజలున్నాయి, అంచులు మెత్తగా ఉన్నాయి, కానీ బొగ్గు బొగ్గులా ఉంది.

ఇప్పుడు మీలో కొంతమంది నవ్వుకుంటున్నారు, "నువ్వు చేయలేదా టచింగ్?" అని. అదిగో, ఆ మూల చిత్తూరు నుంచి వచ్చిన అన్న, ఆయన నేనూ ఒకే గదిలో పని నేర్చుకున్నాం. చేశాను నాయనా. నెగెటివ్‌ని వాలుబల్ల మీద పెట్టి, కింద అద్దం, సూదిలా చెక్కిన పెన్సిలు, కళ్లు పోయేదాకా చేశాను. అప్పట్లో మొహాన అమ్మవారి మచ్చలున్న పెద్దవాళ్లు చాలామంది. ఒకాయన చంద్రగిరి వైపు నుంచి వచ్చాడు, షష్టిపూర్తికి ఫోటో. నేను అలవాటుగా, అడగకుండా, మచ్చలన్నీ పెన్సిల్‌తో పూడ్చేసి ప్రింటు ఇచ్చా, మెచ్చుకుంటాడని. ఆయన చాలాసేపు చూశాడు. "ఎవురప్పా ఈయన?" అన్నాడు. "ఏడేళ్లప్పుడు నాకు అమ్మవారు పోసింది. మా చెల్లి పోయింది, నేను మిగిలినా. ఇవి ఆ తల్లి పెట్టిన గురుతులు. నిన్నెవురు తీయమన్యారు?"

డబ్బులు అడగలేదు ఆయన. నేనే మళ్లీ కూర్చోబెట్టి తీశా. ఆ రోజు నుంచి పెన్సిలు పట్టే ముందు అడిగేవాణ్ని, "ఉంచమంటారా, తీయమంటారా" అని. చాలామంది తీయమనేవాళ్లే! తీసేవాణ్ని, డబ్బూ తీసుకునేవాణ్ని. నేనేం సత్యహరిశ్చంద్రుణ్ని కాను. కానీ అడిగేవాణ్ని. ఫోన్ అడగదు. అడగకపోగా, తీసేశానని కూడా చెప్పదు.

2023 మార్చిలో చందమామ గొడవ గుర్తుందా? ఒకతను చందమామ ఫోటోని కావాలని చిన్నది చేసి, మసక చేసి, కంప్యూటర్ తెర మీద పెట్టి, దూరం నుంచి శాంసంగ్ ఫోన్‌తో తీశాడు. తెర మీద లేని గుంటలు ఫోటోలో వచ్చాయి. కంపెనీ తర్వాత వివరణ ఇచ్చింది, చందమామ అని గుర్తుపడితే మా ఏఐ వివరాలు మెరుగుపరుస్తుంది అని. ఇందాక తొమ్మిది మంది సాక్షులన్నాను. ఈ ఏఐ పదో సాక్షి, ఆ రోజు ఊళ్లోనే లేడు, కానీ అన్నీ చూసినట్టు చెప్తాడు. చందమామ కాబట్టి సరిపోయింది, అది అందరికీ ఒకటే. మీ నాన్న మొహం ఎంతమంది దగ్గరుంది?

లెన్స్ వాళ్లు ఊరికే కూర్చోలేదు, అది కూడా చెప్పాలి. 2012లోనే నోకియా 808లో కార్ల్ జైస్ లెన్స్, 1/1.2 ఇంచి సెన్సర్ పెట్టారు, వీపు మీద బొడిపెతో లావుగా ఉండేది. జనం పల్చటి ఫోన్ కావాలన్నారు. ఇప్పుడు అదే జనం అంతకంటే పెద్ద బొడిపెలున్న ఫోన్లు జేబులో పెట్టుకు తిరుగుతున్నారు, బల్ల మీద పెడితే ఊగుతున్నాయి. కానీ ఒక లెక్క చూడండి. గాజూ సెన్సరూ ఫోన్ ఫోన్‌కీ కొనాలి. సాఫ్ట్‌వేర్ ఒకసారి రాస్తే కోటి ఫోన్లలో ఎక్కించొచ్చు. మీరే కంపెనీ అయితే ఎందులో ఖర్చు పెడతారు? చెప్పండి. ఆ, అంతే.

కుర్రాళ్లూ, మీకు ఒకటే అడుగుతా. పెళ్లిలో మీ ఫోన్‌తో ముసలామెని తీస్తే ఇంటికొచ్చి ఆ ఫోటో పెద్దది చేసి చూడండి, ముడతలున్నాయా లేవా. ప్రో మోడ్ ఎక్కడుందో ఈ రోజే వెతుక్కోండి, నేను జాతరలో వెతుక్కున్నట్టు కాకుండా.

అధ్యక్షులవారు చీటీ పంపారు. రెండోది. చదివాను సార్.

వాడి ఫోటోలు రెండూ, పిండిదీ బొగ్గుదీ, పన్నెండు బై పద్దెనిమిది ప్రింట్లు వేయించి తెచ్చా, భోజనాల గది బయట బల్ల మీద పెట్టా. మా వదిన కూడా వచ్చింది, ఆ చివరి వరసలో ఆకుపచ్చ చీర, ఏది వాడో అని ఆమెనే అడగండి. చేతులు కడుక్కుని పట్టుకోండి మాత్రం, పొద్దున టిఫిన్లప్పుడే బొగ్గుదాని మీద ఎవరిదో చట్నీ వేలు పడింది.