పరుగు ఆపకుండానే పద్ధతి మార్చుకోవాల్సిన కంపెనీలు

శ్రోతలందరికీ నమస్కారమండి. ఈరోజు మనం మాట్లాడుకునేది బాగా స్పీడుగా పెరుగుతున్న కంపెనీల గురించి, అంటే నిన్నమొన్నటిదాకా పదిమందితో నడిచి చూస్తుండగానే వందమందికి చేరిపోయినవి. అలాంటివి పనిచేసే పద్ధతే మొత్తం మార్చుకోవాల్సి వస్తుంది, దాన్నే బిజినెస్ ట్రాన్స్‌ఫర్మేషన్ అంటున్నారు, అందులో కొన్ని గట్టెక్కుతాయి కొన్ని అక్కడే చతికిలబడతాయి, ఎందుకలా అన్నదే నా విషయం.

అసలు మార్చాల్సిన అవసరం ఎందుకొస్తుందో ఒక చిన్న లెక్కతో చెప్తాను. పదిమంది ఉన్నచోట ఇద్దరిద్దరుగా మాట్లాడుకునే జతలు 45. వందమంది అయితే 4,950. మనుషులు పెరిగింది పది రెట్లు, జతలు పెరిగింది 110 రెట్లు. పదిమంది ఉన్నప్పుడు ఫలానా ఆర్డర్ ఎక్కడిదాకా వచ్చిందని పక్క సీట్లో వాళ్లని అడిగితే తెలిసిపోయేది, స్టాక్ లెక్క ఒకళ్ల ఎక్సెల్ షీట్‌లో, రేట్లు ఇంకొకళ్ల ఫోన్‌లో, ఏ కస్టమర్‌కి ఎంత తగ్గించొచ్చో ఓనర్ గారి బుర్రలో ఉండేవి, అయినా బండి నడిచేది. వందమంది దగ్గర ఇది నడవదు. ఎవరూ తప్పు చెయ్యకపోయినా నడవదు.

అప్పుడు కొత్త సాఫ్ట్‌వేర్ కొంటారు, కన్సల్టెంట్లని పిలుస్తారు, ఆరు నెలల్లో అయిపోవాలంటారు. ఆ పని ఎవరికి అప్పజెప్తున్నారో చూడండి, చాలాచోట్ల కొత్తగా చేరినవాళ్లకో, కాస్త తీరిక ఉన్నవాళ్లకో, ఎందుకంటే పని నిజంగా తెలిసినవాళ్లకి ఊపిరి తీసుకునే టైమ్ లేదు. లేదా వాళ్లకే ఇచ్చి, రోజువారీ పని కూడా మానొద్దంటారు. మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టే. నా ఉద్దేశంలో ఎక్కువ ప్రాజెక్టులు దెబ్బతినేది ఇక్కడే, సాఫ్ట్‌వేర్ దగ్గర కాదు.

టార్గెట్ అని అమెరికాలో పెద్ద రిటైల్ కంపెనీ ఉంది కదా, అది 2011లో కెనడాలో జెల్లర్స్ అనే స్టోర్ల లీజులు తీసుకుని అక్కడికి వెళ్లాలనుకుంది. 2013లో మొదలుపెట్టి ఆ ఒక్క సంవత్సరంలోనే 124 షాపులు తెరిచారు. కొత్త దేశం, కొత్త సిస్టమ్, దాంట్లోకి వేలకొద్దీ వస్తువుల వివరాలు ఎక్కించాలి, ఎక్కించేవాళ్లలో చాలామంది అనుభవం లేని కుర్రాళ్లు, టైమేమో లేదు. దాంతో సెంటీమీటర్లు ఉండాల్సిన చోట అంగుళాలు పడ్డాయి, పొడవు ఉండాల్సిన చోట వెడల్పు పడింది. అంగుళాలు, సెంటీమీటర్లు అంటే చిన్న విషయంలా ఉంటుంది గానీ పెట్టె సైజు తప్పైతే లారీలో ఎన్ని పడతాయో తప్పు, షెల్ఫ్ మీద ఎన్ని పడతాయో తప్పు, ఎప్పుడు మళ్లీ తెప్పించాలో తప్పు. గోడౌన్లు నిండిపోయాయి, షాపుల్లో షెల్ఫులు ఖాళీగా ఉన్నాయి. 2015 జనవరిలో కెనడా నుంచి వెళ్లిపోతున్నామని ప్రకటించారు, అప్పటికి 133 షాపులు, దాదాపు 17,600 మంది ఉద్యోగులు. కారణాలు ఇంకా ఉన్నాయి, రేట్లు ఎక్కువన్నారు, షాపులున్న చోట్లు బాలేవన్నారు, కానీ ఖాళీ షెల్ఫు చూసి వెనక్కి వెళ్లిన కస్టమర్‌ని ఏ రేటూ వెనక్కి తేలేదు.

దీనికి ఎదురు ఉదాహరణ నెట్‌ఫ్లిక్స్. అప్పట్లో వాళ్లు సినిమాల డీవీడీలు పోస్టులో అద్దెకి పంపేవాళ్లు, 2008 ఆగస్టులో వాళ్ల డేటాబేస్ పాడై మూడు రోజులు అవి పంపలేకపోయారు. సొంత డేటా సెంటర్లు వదిలేసి క్లౌడ్‌కి, అంటే ఇంటర్నెట్‌లో అద్దెకి దొరికే వేరే కంపెనీ కంప్యూటర్లకి వెళ్లాలని అప్పుడే అనుకున్నారు గానీ ఒక్క రాత్రిలో దూకలేదు, ఒక్కో ముక్కా మార్చుకుంటూ వచ్చారు, బిల్లింగ్ లాంటి సున్నితమైనవి చివరికి పెట్టుకున్నారు, మొత్తం పూర్తయ్యేసరికి 2016 జనవరి వచ్చింది. ఈలోపు స్ట్రీమింగ్ మెంబర్లు ఎనిమిది రెట్లయ్యారు. అంటే పెరుగుదలా ఆగలేదు, మార్పూ ఆగలేదు.

అందరికీ అన్నేళ్లు ఉండవు, నిజమే. కానీ ఎంత చిన్న కంపెనీ అయినా ఒకటి చెయ్యొచ్చు, పని బాగా తెలిసినవాళ్లని ఇద్దరిని పూర్తిగా ఈ మార్పు మీదే పెట్టాలి. వాళ్ల సీట్లో ఇంకొకళ్లని కూర్చోబెట్టాలి, దానివల్ల కొన్నాళ్లు అమ్మకాలు కాస్త తగ్గినా పర్లేదని ఓనరే స్వయంగా అందరిముందూ చెప్పాలి. ఆ మాట ఓనర్ నోట రాకపోతే మొదటి రద్దీ రోజునే ఆ ఇద్దరినీ పాత పనికి లాగేస్తారు.

ఇంకోటి, బోనస్ లెక్క. సేల్స్ వాళ్లకి డబ్బులొచ్చేది ఆర్డర్ల సంఖ్య మీద, కొత్త సిస్టమ్‌లో ఒక్కో ఆర్డర్‌కి ఇంకో పది వివరాలు నింపాలి, మరి వాళ్లెందుకు నింపుతారు? ఏదో ఒకటి కొట్టి పంపేస్తారు. వాళ్లని తిట్టి లాభం లేదండి, బోనస్ మార్చాలి. అలాగే పాత ఎక్సెల్ షీట్ ఫలానా తారీకు నుంచి ఉండదని ముందే చెప్పి ఆ తారీకున నిజంగానే మూసెయ్యాలి, రెండూ నడిస్తే జనం అలవాటైనదాంట్లోనే రాస్తారు, కొత్తదాంట్లో లెక్కలు ఎప్పటికీ కలవవు.

మొదట్నుంచీ ఉన్న పాత ఉద్యోగుల సంగతి నాకు ముఖ్యం. ఏ డౌటొచ్చినా అందరూ వాళ్ల దగ్గరికే వెళ్లేవాళ్లు, ఇప్పుడు అవన్నీ స్క్రీన్ మీద కనపడతాయి, నా విలువ ఇంతేనా అనిపిస్తుంది. వాళ్లు మొండికేస్తున్నారని అనేస్తారు, అది అన్యాయం. ఆ సిస్టమ్ ఎలా ఉండాలో తేల్చే పని వాళ్ల చేతిలోనే పెట్టండి, వాళ్లకి తెలిసిన మినహాయింపులు, చిక్కులు ఏ కన్సల్టెంట్‌కీ తెలియవు.

ఇక సిస్టమ్ మొదలైన రోజు కేక్ కట్ చేసి టీమ్‌ని విడగొట్టేస్తుంటారు, దయచేసి అలా చెయ్యకండి. మొదటి నెలాఖరు లెక్కలు, మొదటి స్టాక్ చెకింగ్, మొదటి సీజన్ రద్దీ, ఇవన్నీ ఆ తర్వాతే వస్తాయి, అవి మూడూ దాటేదాకా ఆ ఇద్దరినీ అక్కడే ఉంచండి. ఉంటానండి, నమస్కారం.