నజరే పెద్ద అలలు కొండ మీంచి చూస్తే ఎలా ఉంటాయి? నా ఫుల్ రివ్యూ

హాయ్ అండీ, అందరికీ నమస్తే. నా వెనకాల ఉన్న ఎర్ర లైట్‌హౌస్‌ని గుర్తుపట్టే ఉంటారు. పెద్ద అలల వీడియో ఏది తెరిచినా ఇది కనిపిస్తుంది. పోర్చుగల్‌లోని నజరే, ప్రాయా దో నోర్తె బీచ్ పక్కన సముద్రంలోకి పొడుచుకొచ్చిన కొండకొమ్ము ఇది. ఒక విషయం ముందే చెప్పేస్తాను. నా మెడలో ఉన్న బైనాక్యులర్‌ని ఒక కంపెనీ ఫ్రీగా పంపింది. అలల దగ్గర వాడి చూసి చెప్పమన్నారు, డబ్బులేమీ ఇవ్వలేదు. దాని సంగతీ చెప్తాను, కానీ ఈ వీడియో అసలు ఈ చోటు గురించి.

రికార్డుల లెక్కలు మీరు వేరే వీడియోల్లో చూసే ఉంటారు. ఇక్కడ సర్ఫర్లు, అంటే బోర్డు మీద అల ఎక్కేవాళ్లు, ఎక్కిన అలల ఎత్తులవి: 2011లో గారెట్ మెక్‌నమారా 78 అడుగులు, 2017లో రొడ్రిగో కోషా 80, 2020 అక్టోబర్‌లో సెబాస్టియన్ స్టాయిట్నర్ 86. నీటి కింద ఉన్న లోయ గురించి కూడా వినే ఉంటారు కాబట్టి రెండు ముక్కల్లో చెప్పేస్తా. ఆ లోయ చివర సరిగ్గా ఈ కొమ్ము దాకా వస్తుంది. లోయ మీదుగా వచ్చే అలకి లోతు ఎక్కువ కాబట్టి వేగం తగ్గదు. పక్కన తక్కువ లోతులో వచ్చే అల నెమ్మదిస్తుంది, వంగుతుంది. రెండూ మన కళ్ల ముందే కలిసి ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. కొమ్ముకి అవతల, ఊరి బీచ్ వైపు చూస్తే మాత్రం అదే రోజు నీళ్లు ఎంతో నెమ్మదిగా ఉంటాయి.

ఇక నేను చెప్పాలనుకున్నది. ఇక్కడికొచ్చిన ప్రతి ఒక్కరూ అలని చూస్తారు, ఫోన్ పైకెత్తి అలనే తీస్తారు. అల ఎక్కడికీ పోదండీ, ఎలాగూ కనిపిస్తుంది. మీ కళ్లు మాత్రం జెట్‌స్కీ మీద పెట్టండి, సర్ఫర్‌ని అల మీదికి లాక్కెళ్లి, పడితే తీసుకొచ్చే నీటి మోటారు బండి అది. నా మట్టుకు నజరేలో చూడాల్సింది జెట్‌స్కీ నడిపేవాళ్లనే.

ఎందుకో చెప్తాను. ఇంతకుముందు కాలిఫోర్నియాలో మావెరిక్స్ అనే పెద్ద అలల చోటు చూశాను. అక్కడ అల ఒడ్డుకి దాదాపు అర మైలు దూరంలో విరుగుతుంది. మనిషి చుక్కలా కనిపిస్తాడు, మంచు పట్టిందంటే అదీ కనిపించదు. పైగా 2010 పోటీలో అల గట్టు దాటొచ్చి చూసేవాళ్లనే కొట్టేసింది, చాలామందికి దెబ్బలు తగిలాయి. కానీ సర్ఫర్లకి అక్కడ ఒక వీలుంది. అల పక్కనే లోతు నీటి దారి ఉంటుంది, దాన్ని ఛానెల్ అంటారు. అందులో అల విరగదు. పడవలూ జెట్‌స్కీలూ అక్కడ ఆగి ఉండొచ్చు. నజరేలో ఆ దారి లేదు. అల విరిగిన చోటు నుంచి ఇసుక దాకా మొత్తం నురగే. పడినవాడిని తేవాలంటే ఆ నురగలోకే దూరాలి. నురగలో గాలి బాగా కలిసి ఉంటుంది, జెట్‌స్కీ పంపుకి పట్టు దొరకదు. ఇంజిన్ అరుస్తుంది, బండి కదలదు. పైనుంచి వింటే ఆ శబ్దం తేడా మనకి కూడా తెలిసిపోతుంది.

నిన్న పొద్దున చూసింది చెప్తాను. ఒకతను అల కింది దాకా వచ్చి బోర్డు ఎగిరి పడిపోయాడు. నురగ మీదపడింది. మా పక్కనే రేడియో పట్టుకుని ఒకాయన నిలబడి ఉన్నాడు, స్పాటర్ అంటారు. నీళ్లలో ఉన్నవాళ్లకి నురగ గుట్టలే తప్ప మనిషి కనపడడు, అందుకని పైనుంచి ఈయన దారి చెప్తాడు. ఎర్ర చొక్కా తల పైకి తేలింది. స్కీ సర్రున వచ్చింది, పడినతను దాని వెనక కట్టిన స్లెడ్ (మనిషి పడుకునే తేలే పలక) పిడి అందుకోబోయాడు, చెయ్యి జారింది. వెనక రెండో అల లేస్తోంది. స్కీ నడిపేవాడు తిరిగి చూడకుండా ఒడ్డు వైపు వెళ్లిపోయాడు. వదిలేశాడేంటని మా పక్కన కొందరు అరిచారు. వదలక తప్పదండీ, ఆగితే ఇద్దరూ పోతారు. ఆ అల దాటగానే మళ్లీ వచ్చాడు. ఈసారి అతను స్లెడ్ మీద బోర్లా పడ్డాడు, ఇద్దరూ బయటపడ్డారు. నాకు ఒళ్లంతా చెమట పట్టేసింది.

అల సూచనల్లో సెకన్లు రాస్తారు కదా, స్వెల్ పీరియడ్ అని. 16 సెకన్లు అని ఉంటే రెండు అలల మధ్య ఎడం సుమారు అంత. అంటే మనిషిని వెతికి, ఎక్కించుకుని, తప్పించుకోవడానికి డ్రైవర్‌కి ఉన్న టైమ్ కూడా అంతే. అది తెలిశాక అంకె చూస్తేనే నాకు గుండె వేగం పెరుగుతోంది. 2013లో మాయా గబేరా ఇక్కడే స్పృహ తప్పింది. కార్లోస్ బుర్లే ఒడ్డుకి లాగి, ఛాతీ నొక్కి బతికించాడు. ఆమే 2020 ఫిబ్రవరి పోటీలో 73.5 అడుగుల అల ఎక్కింది. అదే పోటీలో రెండు అలలు ఎదురెదురుగా ఢీకొని అలెక్స్ బొతెల్యూని జెట్‌స్కీ మీంచి గాల్లోకి విసిరేశాయి. అతన్నీ కాపాడారు. రికార్డులో సర్ఫర్ పేరు ఉంటుంది, స్కీ నడిపినవాళ్ల పేర్లు ఎంతమందికి తెలుసు? అది నాకు నిజంగా బాధగా ఉంటుంది.

ఇక బైనాక్యులర్. దాని సాంకేతిక వివరాలు అన్నిచోట్లా ఉన్నాయి, చదవను. ఇది 10 రెట్లు దగ్గర చేస్తుంది. గ్లాసు బాగుంది, రంగులు బాగున్నాయి. కానీ ఈ కొమ్ము మీద గాలికి చేతులు వణుకుతాయి, 10 రెట్లలో ఆ వణుకూ 10 రెట్లు అవుతుంది. చూపు కూడా ఇరుకు. స్కీ పక్కకి తిరిగితే చాలు, ఎక్కడుందో వెతుక్కోవాలి. మావెరిక్స్‌లో నేను వాడిన పాత 8 రెట్లదే ఇక్కడ మేలు. ఉప్పు తుంపర పడుతుంది, మెత్తని గుడ్డ జేబులో ఉంచుకోండి.

లిస్బన్ నుంచి వచ్చే ఒకరోజు బస్సు టూర్లంటే మాత్రం నాకు ఒళ్లు మండుతుంది. నాలుగు ఊళ్లు తిప్పి ఇక్కడ ముప్పావుగంట ఆపుతారు. పెద్ద అలలు గుంపులుగా వస్తాయి, మధ్యలో చాలాసేపు ఏమీ ఉండదు. చూడకుండానే బస్సెక్కి వెళ్లిపోయేవాళ్ల మొహాలు నేను చూశాను. ఆ టికెట్ కొనొద్దు.

ఎక్కడ నిలబడాలంటే, ఆ ఎర్ర లైట్‌హౌస్ ఉన్న కోట పైకప్పు బాగుంటుంది, సర్ఫర్లు ఇచ్చిన బోర్డులు లోపల గోడకి పెట్టారు, చూడండి. కానీ జనం తోపులాట. కోటకి కాస్త వెనక, పైన దారి పక్క వాలులో నిలబడితే జెట్‌స్కీల రాకపోకలు మొత్తం కనిపిస్తాయి. అంచుకి మాత్రం పోకండి, మట్టి జారుతుంది.

నా తీర్పు: తప్పకుండా రండి. సీజన్ అక్టోబర్ నుంచి మార్చి దాకా. ఊళ్లో కనీసం రెండు మూడు రోజులు గది తీసుకోండి. సూచనలో పీరియడ్ 15 సెకన్లు దాటి, గాలి తూర్పు నుంచి ఉంటే తెల్లారేసరికి పైన సీతియోలో, అంటే కొండ మీద ఉన్న నజరే భాగంలో ఉండండి. అప్పుడు ఎండ మీ వెనకనుంచి పడుతుంది, నురగలో ఎర్ర చొక్కా దొరకడం తేలిక.