మూడో పిల్ల, నా చేపల లెక్క

అందరికీ నమస్కారం అండి. ఆదివారం పొద్దున్నే పిల్లల్ని కూడా వెంటబెట్టుకుని వచ్చారు, చాలా సంతోషంగా ఉంది.

ఈ స్క్రీన్ మీద ఉన్న పక్షి ఆస్ప్రే. మన వైపు చేపల గద్ద అనేస్తాం, కొరమీను గద్ద అనే పేరు కూడా ఉంది. చలికాలంలో కొల్లేరుకి, పులికాట్‌కి వస్తాయి గానీ అక్కడ గూడు పెట్టవు, ఎండలు ముదిరేలోపు ఉత్తరానికి వెళ్ళిపోతాయి. నేను కైకలూరు దగ్గర పెరిగినవాణ్ణి, చిన్నప్పుడు చెరువుల మీద ఎన్నిసార్లు చూశానో, కానీ దీని పిల్లల్ని చూడ్డానికి మాత్రం అమెరికాలో మేరీల్యాండ్ రాష్ట్రానికి వచ్చి చెసపీక్ బే అనే అఖాతం ఒడ్డున నిలబడాల్సి వచ్చింది.

నేను చూసిన గూడు సాలమన్స్ ఐలాండ్ దగ్గర, పటక్సెంట్ నది బేలో కలిసే చోట ఒక చిన్న క్రీక్‌లో, అంటే నీటి పాయలో ఉంది. నీళ్ళలో చెక్క స్తంభం పాతి, పైన పలక కొట్టారు, దాని మీద పుల్లల గూడు. నేను ఒడ్డున 80 మీటర్ల దూరంలో నిలబడేవాణ్ణి. పోయినేడు మార్చి మధ్యలో మగది వచ్చింది, నాలుగు రోజులకి ఆడది. ఈ బే పక్షులు చలికాలం వెనిజులా, కొలంబియా, బ్రెజిల్ వైపు గడుపుతాయి, జంటగా కూడా వెళ్ళవు, ఎవరి దారి వాళ్ళది, మళ్ళీ వసంతంలో అదే గూటి దగ్గర కలుసుకుంటాయి, అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

ఏప్రిల్‌లో ఆడది గూట్లో కూర్చుంది. పొదగడం 5 వారాల పైనే పడుతుంది. ఈ రోజుల్లో మగది చేప తెస్తే ఆడది అది పట్టుకుని పక్క చెట్టు మీదకి వెళ్ళి తింటుంది, అంతసేపూ మగది గుడ్ల మీద కూర్చుంటుంది. తెచ్చే ముందు తల భాగం తనే తినేసి వస్తుంది, అందుకే నా ఫోటోల్లో సగం చేపలకి తల ఉండదు. కింద నుంచి మనకి గూట్లో ఏముందో కనపడదండి. మే ఆఖర్లో ఒక పొద్దున తల్లి తల వంచి, చిన్న ముక్క పీకి, మెల్లగా కిందకి అందిస్తోంది, పుట్టాయని అలా తెలిసింది. ఇంకో వారానికి పుల్లల అంచు మీద మూడు బుల్లి తలలు కనపడ్డాయి.

ఒకేరోజు పుట్టవు ఇవి. గుడ్లు పెట్టడంలో ఎడం ఉంటుంది కాబట్టి మొదటిదానికీ మూడోదానికీ నాలుగైదు రోజుల తేడా వస్తుంది, ఆ వయసులో నాలుగు రోజులంటే మాటలు కాదు, పెద్దది ముందు నోరు తెరుస్తుంది, ముందు తింటుంది. చేపలు బాగా వస్తుంటే గొడవే లేదు, పెద్దవి కడుపు నిండి పడుకుంటాయి, చిన్నదాని వంతు వస్తుంది. అందుకే నేను ఫోటోలతో పాటు ఒక నోట్‌బుక్‌లో చేపలు రాయడం మొదలుపెట్టా, టైము, సైజు, ఏ చేప. ఏ చేపో ఫోటో జూమ్ చేస్తే తెలిసిపోతుంది, మొప్ప వెనకాల నల్ల మచ్చ ఉండి వెండిలా మెరిస్తే మెన్‌హేడెన్, బాగా నూనె ఉన్న చేప, పిల్లలకి అదే బలం. మామూలు రోజున ఐదు, ఆరు చేపలు వచ్చేవి.

జూన్ 11 నుంచి మూడు రోజులు గాలీ వానా. నీళ్ళు బురదయ్యి అలలు లేస్తుంటే పైనుంచి చేప కనపడదు కదా. 11న రెండు, 12న ఒకటి, 13న సాయంత్రం దాకా ఏమీ లేదు, అప్పుడు అరచేయంత పెర్చ్ అనే చేప ఒకటి. తల్లి మూడు రోజులూ రెక్కలు గొడుగులా పట్టి తడుస్తూ నిలబడింది. ఆ పెర్చ్ చీలుస్తుంటే మూడోది వెనక నుంచి మెడ చాపింది, రెండోది దాని నెత్తి మీద పొడిచింది, మళ్ళీ చాపింది, మళ్ళీ పొడిచింది. అప్పుడు అది మెడ వాల్చేసి, మొహం పుల్లల్లో పెట్టి బోర్లా పడుకుంది. తల్లి ముక్కు దగ్గర తెరిచి ఉన్న నోటికే అందిస్తుంది, వాల్చిన మెడని వెతకదు. కెమెరా నా చేతిలోనే ఉంది, నొక్కలేకపోయా.

మనమే చేపలు పెట్టొచ్చు కదా నాన్నా అని మా అమ్మాయి అడిగింది. గూటి దగ్గరకి పడవ వెళ్తే తల్లి లేచిపోతుంది, ఆ వానలో మిగతా రెండూ తడిసి చలికి పోతాయి తల్లీ అని చెప్పా. చట్టం కూడా ఒప్పుకోదు, 1918 నాటి చట్టం ప్రకారం ఇక్కడ వలస పక్షుల గూళ్ళకి రక్షణ ఉంది.

14న వాన తగ్గింది. ఐదు చేపలొచ్చాయి, అందులో ఒకటి మోయలేనంత మెన్‌హేడెన్. గూటి అంచు మీద రెండే తలలు. చీకటి పడేదాకా ఉన్నా, రెండే.

ఇంతకంటే పెద్ద కష్టం చూసిన పక్షులే ఇవి. డీడీటీ అనే పురుగుల మందు చల్లే రోజుల్లో అది చేపల్లోకి, చేపల నుంచి వీటిల్లోకి చేరి గుడ్డు పెంకు పల్చబడిపోయేది, తల్లి కూర్చుంటే పగిలేది. పాల్ స్పిట్జర్ అనే యువకుడు 1968లో, 69లో మేరీల్యాండ్ గూళ్ళ నుంచి గుడ్లు తీసుకెళ్ళి, పిల్లలే రాని కనెక్టికట్ రాష్ట్రం గూళ్ళలో పెట్టాడు. అక్కడి తల్లులు పొదిగాయి, పిల్లలొచ్చాయి, పెరిగాయి. అంటే తల్లుల పెంపకంలో లోపం లేదు, అక్కడి గుడ్డులోనే ఉంది. ఎంత చక్కటి ప్రయోగమో చూడండి! 1972లో డీడీటీ నిషేధించారు. అప్పట్లో ఈ బే మొత్తం మీద దాదాపు 1,450 జంటలుండేవి, తర్వాత అవి వేలల్లోకి పెరిగాయి.

కానీ వర్జీనియాలో మాబ్‌జాక్ బే దగ్గర గూళ్ళు ఏళ్ళ తరబడి లెక్కపెడుతున్న పరిశోధకులు చెప్పేది వింటే నాకు భయమేస్తుంది. జంటకి సగటున 1.15 పిల్లలు ఎగిరితేనే సంఖ్య నిలబడుతుంది, అక్కడ ఈమధ్య డీడీటీ రోజుల కంటే తక్కువకి పడిపోయింది. మెన్‌హేడెన్ దొరక్కే అని వాళ్ళు, కాదని చేపల పరిశ్రమ వాళ్ళు. మూడు రోజుల ఆకలి నా కళ్ళతో చూశా కాబట్టి నేను పరిశోధకుల వైపే.

ఫోటోల గురించి అడుగుతున్నారు కదా, చెప్తా. 600 ఎంఎం లెన్సు, షటరు వేగం సెకనులో 1/2500కి తగ్గకుండా, ఫోటోలో తెల్ల పొట్ట మరీ వెలిసిపోకుండా ఎక్స్‌పోజరు కాస్త తగ్గించండి. గాలికి ఎదురుగా వాలుతుంది కాబట్టి గాలి మీ వీపుకి తగిలేలా నిలబడితే మొహం దొరుకుతుంది. అన్నిటికంటే ముఖ్యం, తల్లి వరసగా కీచుకీచుమని అరుస్తూ మీ వైపే చూస్తుంటే మీరు దగ్గరైపోయారని, వెంటనే వెనక్కి వచ్చేయండి. డ్రోన్ మాత్రం వద్దు, దండం పెడతా. ఇంకోటి, గాలం వేసేవాళ్ళు తెగిన నైలాన్ దారం ఒడ్డున వదలకండి, ఈ పక్షులు దాన్ని పుల్లలనుకుని గూట్లోకి తీసుకెళ్తాయి, పిల్లల కాళ్ళకి చుట్టుకుంటుంది.

మిగిలిన రెండూ జులై మధ్యలో ఎగిరాయి. ముందు వారం రోజులు గాలి వచ్చినప్పుడల్లా గూటి మీద అడుగు ఎత్తు లేచి మళ్ళీ దిగడం, ఆ వీడియో ఇప్పుడు చూపిస్తా. కళ్ళు నారింజ రంగులో ఉంటే పిల్ల, పసుపు ఉంటే పెద్దది. ఆగస్టులో తల్లి ముందే వెళ్ళిపోయింది, తండ్రి ఇంకా చేపలు తెస్తూనే ఉన్నాడు.

నోట్‌బుక్ ఆ టేబుల్ మీద పెట్టా, పిల్లలు తిరగేయొచ్చు. మూడోదాన్ని ఆఖరిసారి చూసింది జూన్ 13 పేజీలో ఉంటుంది, వానకి కొంచెం అలికింది గానీ చదవొచ్చు.