పుట్టినవాళ్ళా, మిగిలినవాళ్ళా?

శ్రోతలందరికీ నమస్కారం.

మా నాయనమ్మని ఎవరైనా "మీకెంతమంది పిల్లలమ్మా" అని అడిగితే వెంటనే జవాబు చెప్పేది కాదు. "పుట్టినవాళ్ళా, మిగిలినవాళ్ళా?" అని ఎదురు అడిగేది. పుట్టినవాళ్ళు తొమ్మిదిమంది, మిగిలినవాళ్ళు అయిదుగురు. ఒకరు పురిట్లోనే పోయారు, ఒకరు ధనుర్వాతంతో, ఇద్దరు ఒకే ఎండాకాలంలో తట్టు పోసి. ఈ లెక్కంతా ఏడవకుండా, పాలవాడి ఖాతా చెప్పినట్టు చెప్పేది. మా అమ్మకి మేం ముగ్గురం. నాకు ఇద్దరు. మా అమ్మాయి పెళ్ళి మాటెత్తితేనే "ముందు ఉద్యోగంలో కుదురుకోనీ నాన్నా" అంటోంది, ఇక పిల్లల మాట ఎక్కడ.

మా ఇంట్లో నాలుగు తరాలకి పట్టిన ఈ ప్రయాణంలో ప్రపంచ దేశాలన్నీ తలో మజిలీలో ఉన్నాయి. మా నాయనమ్మ ప్రశ్న ఇవాళ్టికీ అవసరమైన దేశాలున్నాయి, ఆ ప్రశ్నకి అర్థమేంటో కూడా తెలియని దేశాలున్నాయి. ఆ కొసనొకటి, ఈ కొసనొకటి, రెండు దేశాల సంగతి చెప్తాను.

ఒకటి నైజర్. నైజీరియా కాదండోయ్, దానికి సరిగ్గా నెత్తిమీద, సహారా ఎడారి అంచున ఉండే దేశం. సముద్రం లేదు, నేలలో చాలా భాగం ఇసుకే, వాన పడితే జొన్నలో సజ్జలో పండుతాయి, పడకపోతే లేదు. 1960లో ఫ్రాన్స్ నుంచి స్వాతంత్ర్యం వచ్చేనాటికి అక్కడి జనం సుమారు 35 లక్షలు. ఇప్పుడు 2 కోట్ల 60 లక్షలు దాటారు. రెండోది జపాన్. దాని గురించి మీకు నేను చెప్పక్కర్లేదు, మీ ఇంట్లో ఏదో ఒక యంత్రం అక్కడిదే అయుంటుంది.

ఇప్పుడొక చిన్న ఊహ చేయండి. ఒక దేశంలో ఉన్నవాళ్ళందరినీ, పొత్తిళ్ళలో బిడ్డ దగ్గర్నుంచి పండు ముసలి దాకా, వయసు వరసలో నిలబెట్టి సరిగ్గా మధ్యలో ఉన్న మనిషిని బయటికి పిలిచారనుకోండి. నైజర్లో అలా పిలిస్తే పదిహేనేళ్ళ కుర్రాడు వస్తాడు, మన దగ్గరైతే పదో తరగతి పరీక్షలు రాసే వయసు. జపాన్లో పిలిస్తే దాదాపు యాభై ఏళ్ళ మనిషి వస్తాడు, చూపు కోసం కళ్ళజోడు పైకీ కిందికీ జరుపుకుంటూ. మన భారతదేశంలో ఆ మనిషికి 28, 29 ఏళ్ళుంటాయి.

నైజర్లో ఒక్కో స్త్రీకి సగటున ఆరుగురు పిల్లలు. ఇది వినగానే మనలో చాలామందికి నోటి చివర ఒక మాట ఉంటుంది, "చదువూ సంధ్యా లేనివాళ్ళు, ముందూ వెనకా చూసుకోకుండా కనేస్తారు" అని. నాకు ఈ మాట వింటే ఒళ్ళు మండుతుంది, ఎందుకంటే నిన్న మొన్నటి దాకా తెల్లవాళ్ళు మన గురించి అచ్చంగా ఇదే అనేవాళ్ళు. అక్కడి తల్లి దగ్గర కూర్చుని లెక్క చూస్తే తెలుస్తుంది. 1990లో నైజర్లో పుట్టిన ప్రతి ముగ్గురు పిల్లల్లో ఒకరు అయిదో పుట్టినరోజు చూడలేదు. ఆ తర్వాత టీకాలు, దోమతెరలు వచ్చి ఆ చావులు చాలా తగ్గాయి, ఇప్పటికీ పదిమందిలో ఒకరికి పైగానే పోతున్నారు. నీళ్ళు దూరం నుంచి మోసుకురావాలి, మేకలు కాయాలి, చేలో పని చెయ్యాలి, వీటన్నిటికీ ఏడెనిమిదేళ్ళ పిల్ల చెయ్యి కూడా పనికొస్తుంది. ముసలితనంలో పెన్షనూ లేదు, బ్యాంకులో డబ్బూ లేదు, కొడుకే దిక్కు, మరి ఒక్క కొడుకుని నమ్ముకుని కూర్చునే ధైర్యం ఏ తల్లికి ఉంటుంది? ఇంకొకటి, నలుగురు ఆడపిల్లల్లో ముగ్గురికి పద్ధెనిమిది నిండకుండానే పెళ్ళయిపోతుంది. పదహారేళ్ళ పిల్లని అత్తవారింట్లో "నీకెంతమంది కావాలమ్మా" అని ఎవరడుగుతారు.

కాబట్టి ఆరుగురిని కనడం తెలివితక్కువ పని కాదు, ఆ ఇంట్లో ఆ లెక్క అలాగే తేలుతుంది. మా నాయనమ్మ లెక్క కూడా అదే.

మరి జనాభా అంతగా ఎందుకు పెరుగుతుంది అంటే, చావులు ముందు తగ్గుతాయి, కాన్పులు తర్వాత తగ్గుతాయి, ఆ రెంటికీ మధ్య ఒక తరం ఎడం ఉంటుంది. పిల్లలు బతుకుతున్నారని డాక్టరుకి వెంటనే తెలుస్తుంది, తల్లికి నమ్మకం కుదరడానికి ఇరవై ఏళ్ళు పడుతుంది. ఆ ఎడంలోనే జనం రెట్టింపవుతారు. యూరప్‌లో కూడా ఇదే జరిగింది, కాకపోతే అక్కడ చావులు మెల్లగా, వందేళ్ళకి పైగా తీసుకుని తగ్గాయి, మందులూ మురుగు కాలవలూ ఒక్కొక్కటిగా కనిపెట్టుకుంటూ వచ్చారు గనక. పేద దేశాలకి ఆ మందులన్నీ తయారుగా, ఒక్క విడతలో వచ్చి పడ్డాయి. ఇంకో సంగతి కూడా చెప్పాలి, పెద్దగా ఎవరూ చెప్పరు. యూరప్‌లో జనం పొంగినప్పుడు వాళ్ళు ఓడలెక్కి వెళ్ళిపోయారు. 1820ల నుంచి 1930 దాకా అమెరికాకీ, అర్జెంటీనాకీ, ఆస్ట్రేలియాకీ వెళ్ళిన యూరప్ వాళ్ళు 5 కోట్లకు పైమాటే, చాలాకాలం వీసా స్టాంపింగు లేదు, ఇంటర్వ్యూ టెన్షన్ లేదు, అక్కడ ఉన్నవాళ్ళ అనుమతి అడిగిందీ లేదు. ఇప్పుడు నైజర్ కుర్రాడు ఎడారి దాటి, లిబియా వెళ్ళి, రబ్బరు పడవ ఎక్కితే సముద్రం మధ్యలో ఆపేస్తున్నారు.

1974లో రుమేనియా రాజధాని బుకారెస్ట్‌లో ప్రపంచ జనాభా సదస్సు జరిగింది. ధనిక దేశాలేమో "మీరు కనడం ఆపితే బాగుపడతారు" అన్నాయి, పేద దేశాలు "మేం బాగుపడితే అవే ఆగుతాయి" అన్నాయి. మన దేశం తరఫున వెళ్ళిన ఆరోగ్యమంత్రి కరణ్ సింగ్ అక్కడ అన్న మాట బాగా పేరుపడింది: అభివృద్ధిని మించిన గర్భనిరోధకం లేదు అని. మాట బంగారంలాంటిది. కానీ ఆ మరుసటి ఏడే ఎమర్జెన్సీ వచ్చింది, 1976లో మగవాళ్ళని లక్షల్లో పట్టుకుపోయి ఆపరేషన్లు చేశారు, 1977 ఎన్నికల్లో ప్రభుత్వం కూలిపోయింది. అప్పట్నుంచి మగవాడి జోలికి పోవడానికి ఏ ప్రభుత్వానికీ ధైర్యం లేదు. ఆ భారమంతా ఎవరి మీద పడిందో వినండి.

దేశం బాగుపడ్డాకే కాన్పులు తగ్గుతాయి అనే సూత్రాన్ని కొన్ని చోట్ల జనం తప్పని తేల్చారు. బంగ్లాదేశ్ ఒకటి. 1970ల్లో అక్కడ ఒక్కో స్త్రీకి దాదాపు ఏడుగురు. ఇప్పుడు రెండుకి కాస్త అటూ ఇటూ. దేశం పేదగా ఉండగానే ఆ తగ్గుదల మొదలైంది. మత్లబ్ అనే ప్రాంతంలో 1977 నుంచి, ఆ ఊళ్ళ ఆడవాళ్ళే సంచీలో మాత్రలు, ఇంజెక్షన్లు వేసుకుని గడప గడపకీ తిరిగారు, పరదా దాటి ఆస్పత్రికి రాలేని కోడళ్ళకి ఇంట్లోనే అందించారు, పక్కనే పిల్లలకి టీకాలు కూడా. ఆ తర్వాత బట్టల ఫ్యాక్టరీలు వచ్చి ఆడపిల్లల చేతికి జీతం వచ్చింది.

ఇంకొకటి మనమే. కేరళలో కాన్పులు తగ్గాయంటే చదువు అన్నారు, సరే. ఆంధ్రప్రదేశ్‌లో చదువు అంతంతమాత్రం, బాల్య వివాహాలు ఎక్కువ, ఆదాయమూ ఏమంత కాదు, అయినా 1992-93 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేకే ఒక్కో స్త్రీకి పిల్లలు దేశం మొత్తమ్మీద 3.4 ఉంటే మన ఉమ్మడి రాష్ట్రంలో 2.6. 2019-21 సర్వేకి వచ్చేసరికి ఆంధ్రప్రదేశ్ 1.7, తెలంగాణ 1.8. ఇది అప్పటి స్వీడన్, ఫ్రాన్స్ లాంటి దేశాల వరస. మరి మన జీతాలూ, మన ఆస్పత్రులూ ఆ వరసలో ఉన్నాయా?

దీని వెనక ఉన్నది కుటుంబ నియంత్రణ ఆపరేషన్. అదే సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పిల్లల్ని కనే వయసులో ఉన్న పెళ్ళయిన ఆడవాళ్ళలో దాదాపు 70 శాతం మంది ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళే, దేశంలోనే అన్నిటికన్నా ఎక్కువ. మగవాళ్ళు అర శాతం కూడా లేరు. పద్దెనిమిదికి పెళ్ళి, ఇరవై మూడుకల్లా ఇద్దరు పిల్లలు, రెండో కాన్పుతో పాటే ఆపరేషన్, నెల తిరక్కుండా మళ్ళీ నాట్లకి. "ఇద్దరు ముద్దు, ఆపై వద్దు" అని గోడల మీద ఎర్ర త్రికోణంతో రాసేవాళ్ళు, మీలో పెద్దవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. మన జనాభా గెలుపు అని మనం చెప్పుకునేదాన్ని ఎవరు మోశారు అంటే, మత్తు సరిగ్గా దిగకముందే ఆటోలో ఇంటికొచ్చిన ఆ ఆడవాళ్ళు.

సరే, రెండో కొసకి వద్దాం. జపాన్లో 2024లో పుట్టిన పిల్లలు 6 లక్షల 86 వేలు, పోయినవాళ్ళు 16 లక్షలు. ఏడాదిలో మన పెద్ద నగరమొకటి ఖాళీ అయినట్టు. అక్కడ 2023 సర్వేలో 90 లక్షల ఇళ్ళు ఖాళీగా ఉన్నట్టు తేలింది. 2024లో ఓజీ అనే పెద్ద కంపెనీ జపాన్లో పసిపిల్లల డైపర్లు తయారుచేయడం ఆపేసి, ముసలివాళ్ళ డైపర్ల మీద పెట్టుబడి పెడతామంది. దక్షిణ కొరియా ఇంకా దూరం పోయింది, 2023లో ఒక్కో స్త్రీకి 0.72. ఇదెంత తక్కువో చిన్న లెక్కతో చెప్తాను: ఇవాళ వందమంది ఆడవాళ్ళు, వందమంది మగవాళ్ళు ఉన్నారనుకుంటే వాళ్ళకి పిల్లలు 72 మంది, మనవలు 26 మంది. రెండు వందల మంది తాతలూ నాయనమ్మలూ అమ్మమ్మలూ కలిసి ఇరవై ఆరుమంది మనవల్ని పంచుకోవాలి!

కొరియా ప్రభుత్వం 2006 నుంచి కాన్పులు పెంచే పని మీద 20 వేల కోట్ల డాలర్లకు పైగా ఖర్చుపెట్టింది. ఫలితం సున్నా అనలేం గానీ, సున్నాకి దగ్గరే. ఎందుకంటే అక్కడ పిల్లవాడంటే పొద్దున బడి, సాయంత్రం ట్యూషను, రాత్రి పదింటి దాకా చదువు, ఆ ఫీజులు. మన ఇంటర్ పిల్లల తల్లిదండ్రులకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. ఇంటి అద్దె ఆకాశంలో ఉంటుంది. ఆడవాళ్ళు ఆఫీసులో మగవాళ్ళతో సమానంగా పనిచేసి ఇంటికొస్తే అంట్లు మాత్రం సమానం కాదు. నైజర్లో పిల్ల నీళ్ళు మోసుకొస్తుంది, సియోల్లో పిల్లకి పాతికేళ్ళు పెట్టుబడి పెట్టాలి. రెండు ఇళ్ళూ లెక్క చూసుకునే నిర్ణయం తీసుకున్నాయి.

మధ్యలో ఇంకో మాట. భూమికి ఎవరు భారం అని మనం తరచూ వాదించుకుంటాం కదా, అమెరికాలో ఒక మనిషి వాటాకి ఏడాదికి 14 టన్నుల పైన బొగ్గుపులుసు వాయువు వస్తుంది, మనకి రెండు టన్నులు, నైజర్లో ఒక టన్నులో పదో వంతు. ఇక్కడితో ఆ వాదన వదిలేద్దాం.

నాకు దిగులు పుట్టించేది వేరే. అరవై అయిదు దాటినవాళ్ళ వాటా 7 శాతం నుంచి 14 శాతానికి పెరగడానికి ఫ్రాన్స్‌కి 115 ఏళ్ళు పట్టింది. జపాన్‌కి 24 ఏళ్ళే, కానీ అప్పటికే ధనిక దేశం, పెన్షన్లు, బీమా అన్నీ కట్టుకుని కూర్చుంది. మనం కూడా దాదాపు జపాన్ వేగంతోనే ముసలివాళ్ళమవుతున్నాం, చేతిలో ఆ డబ్బు లేకుండా. జపాన్ తన ముసలివాళ్ళని చూసుకోవడానికి ఇండోనేషియా, ఫిలిప్పీన్స్, వియత్నాం నుంచి మనుషుల్ని తెచ్చుకుంటోంది. మన పిల్లలేమో అమెరికాలో కోడ్ రాస్తున్నారు, గల్ఫ్‌లో తాపీ పట్టుకున్నారు. ఇక్కడ తెలంగాణలో వరి నాట్లు వేస్తున్నదెవరు, రైస్ మిల్లుల్లో బస్తాలు మోస్తున్నదెవరు? బిహార్ కుర్రాళ్ళు. ఇందాక చెప్పిన 2019-21 సర్వేలో బిహార్‌లో ఒక్కో స్త్రీకి పిల్లలు 3.0. నైజర్‌కీ జపాన్‌కీ ఉన్న తేడా చిన్న సైజులో మన దేశంలోనే ఉంది, రైలెక్కి మన ఊరొస్తోంది.

ముగ్గురు పిల్లలుంటే పంచాయతీకి పోటీ చేయకూడదని 1994లో ఉమ్మడి రాష్ట్రంలో చట్టం తెచ్చారు. 2024లో ఆంధ్రప్రదేశ్ ఆ నిబంధన ఎత్తేసింది, ఇప్పుడు ఎక్కువమందిని కనండి అంటున్నారు పెద్దలు. ఆ వార్త టీవీలో వచ్చినప్పుడు మా పెద్దమ్మ ఇంట్లో ఉన్నాను. ఆవిడకి డెబ్భై దాటాయి, ఇరవై రెండేళ్ళకి ఆపరేషన్ అయింది, స్కూలు వరండాలో వేసిన క్యాంపులో. వార్తంతా విని, "అప్పుడు నన్నడగలేదు, ఇప్పుడు దీన్నన్నా అడుగుతారంటావా" అంది, కోడలి వైపు చూసి. మా వదిన నవ్వలేదు. లాప్‌టాప్ మూసి, ట్యూషన్ నుంచి పిల్లాణ్ణి తీసుకురావడానికి బండి తాళాలు వెతుక్కుంటోంది.

ఉంటాను, నమస్కారం.